కండ్లు గుంజని స్క్రీన్

నా కండ్లు మంచియే. ఈ మాట ఇప్పుడు చెప్తే నాకే నవ్వొస్తది గానీ, మొన్నమొన్నటిదాంక మిర్యాలగూడల నా కండ్లకు ఎవ్వరూ వంక పెట్టలేదు. రైస్ మిల్లుల వడ్లు చూసే పని నాది. ట్రాక్టర్ గేటు దాటి లోపలికి రాంగనే ట్రాలీ మీదికెక్కి, నాలుగు మూలల, నడుమల, చెయ్యి మోచేతి దాంక దించి అడుగు నుంచి పిడికెడు తీస్త. అరచేతుల ఏసుకొని ఇంకో అరచేత్తోని గట్టిగ నలుపుత. పొట్టు ఊదేస్తే బియ్యం మిగుల్తయ్. ఎన్ని విరిగినయ్, ఎన్ని రంగు మారినయ్, పాలు పోసుకోని గింజలు ఎన్నున్నయ్, అన్నీ ఒక్క చూపుల చెప్తా. ఒక గింజ పంటి కింద పెట్టి కొరికితే తేమ సంగతి తెలుస్తది. నేను తల ఊపితే ట్రాక్టర్ కాంటా మీదికి పోతది, ఊపకపోతే ఎనకకు మళ్ళుతది. ఇరవై ఏండ్ల సంది ఇదే పని. చదువు ఇంటర్ కాడనే ఆగింది, చేతుల వేరే విద్య లేదు. ఈ రెండు కండ్లే నా బతుకుదెరువు.

ఫోటోల పద్ధతి పెట్టింది గూడ నేనే. ఎవల్ని తిట్టుకోవాలె ఇగ?

ఒక ఏడాది కోతలప్పుడు అనంతగిరి దిక్కు నుంచి ఒక ముసలాయన సన్న వడ్లు ఏసుకొని వచ్చిండు. మిల్లుల ముందట ట్రాక్టర్లు రోడ్డు పొడుగూత నిలబడి ఉన్నయ్. రెండు రోజులు లైన్ల ఉన్నడు పాపం. తీరా మా గేటు కాడికి వచ్చినంక నలిపి చూస్తే సగం బియ్యం రంగు మారి ఉన్నయ్. తీసుకోలేమని చెప్పిన. ఆయన కొట్లాడలేదు, బతిమాలలేదు. ట్రాలీ ముందటి ఇనుప కమ్మీ మీద కూసొని, తెచ్చుకున్న సద్ది తిని, చెయ్యి కడుక్కొని పోయిండు. తిడితే బాగుండు అనిపించింది నాకు. ఆ ట్రాక్టర్ కిరాయి, ఆ రెండు రోజులు, అన్నీ బూడిదల పోసిన పన్నీరే.

అప్పటి సంది తెలిసిన రైతులందరికి ఒకటే మాట చెప్పుడు మొదలుపెట్టిన. ట్రాక్టర్ కట్టకముందే పిడికెడు వడ్లు నలుపురి, బియ్యం అరచేతుల పెట్టి ఎండకు ఫోటో తీసి నాకు పంపురి, తేవాల్నా వద్దా నేను చెప్తా అని. ఆ నోటా ఈ నోటా అది ఊర్లు దాటింది. కోతలొచ్చినయంటె పొద్దుగాల చాయ్ తాగక ముందు నుంచే నా ఫోన్ల అరచేతులు మొదలైతయ్. కాయలు కాసిన చేతులు, ఉంగరం ఉన్న చేతులు, గోరింటాకు చేతులు, నడుమల గుప్పెడు బియ్యం. నేను "తీస్కరా" అని పెడ్త, లేకుంటె "తేకు" అని పెడ్త. అంతే. దండం బొమ్మలు పెట్టెటోళ్ళు పెడ్తరు, అలిగెటోళ్ళు అలుగుతరు. కానీ ఉత్తగ వచ్చి ఎనకకు పోయేటోళ్ళు తక్కువైండ్రు. నాకు లోపల జర గర్వమే ఉండె, అబద్ధమెందుకు.

అంతదాంక నా చేతుల ఒక పాత ఫోన్ ఉండె. దాని మీద ఎన్ని గంటలు చూసినా కండ్లకు ఏం కాకపోతుండె. అది ఒకనాడు నేను ట్రాలీ మీద వంగంగనే అంగీ జేబుల నుంచి జారి వడ్లల్ల పడ్డది. నాకు తెల్వలేదు. వడ్లతోటి పాటు మిల్లుల వడ్లు దించే గుంతల పడి, అక్కడి నుంచి బెల్టు ఎక్కి, మధ్యల ఇరుక్కొని మిల్లంత ఆపేసింది. ఓనర్ ఉరికొచ్చి బెల్టుకేమైంది బెల్టుకేమైంది అని లొల్లి పెట్టిండు గానీ, ఫోన్ ఏమైందని అడగలేదు. బయటికి తీసేసరికి స్క్రీన్ ముక్కలై ఉంది. నేను దాన్ని గుడ్డల చుట్టి ఇంట్ల బీరువాల పెట్టిన. ఎందుకు పెట్టిన్నో అప్పుడు తెల్వది.

మూడో రోజు ఓనర్ కొత్త ఫోన్ తెచ్చి చేతుల పెట్టిండు. "ఇగో, మిల్లు పని మీద ఇస్తున్న. ఫోటోలు దీంట్ల కడిగినట్టు కనపడుతయ్" అన్నడు. నిజంగనే కనపడ్డయ్. నలుపంటె నలుపు, తెలుపంటె తెలుపు. గింజ మీది గీత గూడ కనపడ్డది. నేను మురిసిపోయిన.

నాలుగు రోజులల్ల మొదలైంది. మొదాలు కండ్లల్ల మంట. తర్వాత కనుగుడ్ల ఎనక దారం కట్టి ఎవరో గుంజినట్టు నొప్పి. మధ్యాహ్నం దాటిందంటె కణతలు పగుల్తున్నయా అన్నట్టు ఉంటది. అన్నం ముందట కూసుంటె వాంతి వచ్చేటట్టు అయితది. నిద్ర లేదేమో అనుకున్న, పడుకున్న. నీళ్ళు తక్కువ తాగుతున్ననేమో అనుకున్న, కుండ ఖాళీ చేసిన. మా ఇంటామె కండ్లల్ల ఆముదం చుక్క ఏసింది. ఆమెకు ఇదే సందు దొరికింది. "ఇరవై ఏండ్ల సంది వడ్లను చూసినవ్, ఫోన్ ను చూసినవ్. ఒక్కనాడన్న నా దిక్కు చూస్తె ఈ కండ్లకు ఈ గతి వచ్చేది కాదు" అన్నది. నవ్వే ఓపిక గూడ లేకుండె నాకు.

స్క్రీన్ ఎలుగు తగ్గించి చూసిన. చిత్రమేందంటె, తగ్గించినకొద్ది నొప్పి ఎక్కువైంది. అక్షరాలు పెద్దగ చేసిన. నలుపు మీద తెల్ల అక్షరాలు పెట్టిన. ఎవరో చెప్తె స్క్రీన్ మీద నీలం అద్దం అతికించిన. మిర్యాలగూడల మూడు షాపులు తిరిగిన, తలనొప్పి రాని ఫోన్ కావాలె అని. "స్క్రీన్ సూపర్ ఉంటదన్నా, థియేటర్ల కూసున్నట్టే" అన్నడు ఒకాయన. "నాకు థియేటర్ వద్దయ్యా, తలనొప్పి లేకుంటె చాలు" అన్న. ఆయన నా మొకం దిక్కు చూసిండు, సైకిల్ కు డీజిల్ పోయమన్నట్టు. ఇంకో షాపుల అయితే, "నీ వయసు ఎంతన్నా?" అని అడిగిండు. వయసు అడిగేదేందిర బై, నేనేమన్న పింఛన్ కొరకు వచ్చిన్నా? కోపానికొచ్చి బయటికి వచ్చేసిన.

ఆఖరికి పేటకు పోయిన. సూర్యాపేటల కంటి దవాఖానల పొద్దటి నుంచి కూసుంటె, మధ్యాహ్నం నా పేరు పిలిచిండ్రు. డాక్టర్ లైట్లు ఏసి, అక్షరాలు చదివించి, "ఫోన్ ఎంతసేపు చూస్తరు?" అని అడిగిండు.

"పొద్దంత సారు."

"తగ్గించాలె."

"సారు, అదే నా ఉద్యోగం."

"అయితే మధ్యమధ్యల కండ్లు మూసుకోండి" అని చుక్కల మందు రాసిండు, అద్దాలు రాసిండు. ఆయన తప్పు లేదు. నా ముందట ఇరవై మంది, నా ఎనక ముప్పై మంది. అందరం కండ్లు గుంజుతున్నయనే చెప్తున్నం.

అద్దాలు పెట్టుకొని మిల్లుకు పోతె కొత్త గోల. ట్రాలీ మీద నేను వంగంగనే రైతులు ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. "అన్నకు గూడ అద్దాలొచ్చినయా!" అన్నడు ఒకడు. నొప్పి మాత్రం ఎక్కడిదక్కడనే ఉంది. ఓనర్ ఆఫీసుల నుంచి చూసి బయటికి వచ్చిండు. మా మిల్లుల బియ్యంల నుంచి రంగు గింజలను ఏరే కెమెరా మిషిన్ ఒకటుంది. దాని దిక్కు చెయ్యి చూపి, "గా మిషిన్ కు అద్దాలు లేవు, తలనొప్పి లేదు. వచ్చే ఏడు గేటు కాడ గూడ అసొంటిదే ఒకటి పెడ్తమేమో" అన్నడు నవ్వుకుంట. నేను గూడ నవ్విన. ఆ మధ్యాహ్నం సద్ది డబ్బా ఇప్పలేదు. పరాచికమో, నిజమో, నాకు భయమైంది. యాభై దాటినోన్ని గేటు కాడి నుంచి పంపిస్తే యాడికి పోవాలె?

అట్ల అట్ల కోదాడకు పోయిన. అక్కడ మా బామ్మర్దికి సెల్ ఫోన్ల షాపుంది. చిన్నప్పటి సంది కోదాడలనే పెరిగిండు, పెండ్లాం నందిగామ ఆమె, మాటంత అటు దిక్కే మళ్ళింది.

"ఏంటి బావా, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి? అక్కతో గొడవపడ్డారా?" అన్నడు చూడంగనే.

"మీ అక్క తోని ఎప్పుడు ఉన్నదే. ఇది ఫోన్ తోని" అన్న.

స్టూల్ ఏసి కూసోబెట్టిండు. ఒక్కొక్క ఫోన్ తీసి చేతుల పెట్టుడు, నేను పది నిమిషాలు ఏదన్న చదువుడు, కండ్లు గుంజుతున్నయా లేదా చెప్పుడు. పెండ్లిచూపుల లెక్క ఒకటి పోయి ఇంకోటి వచ్చింది. ఆరోదాని కాడికి వచ్చేసరికి ఏది గుంజుతుందో ఏది గుంజుతలేదో నాకే తెల్వకుంట అయింది. అప్పుడు ఆయన నా ఫోన్ తీసుకొని, ఎలుగు బాగ తగ్గించి, దాని ముందట ఇంకో ఫోన్ కెమెరా పట్టిండు. "ఇప్పుడు చూడండి బావా" అన్నడు.

చూసిన. కెమెరాల నా ఫోన్ స్క్రీన్ మీద నల్ల చారలు మీది నుంచి కిందికి ఉరుకుతున్నయ్.

"ఇది ఊరికే వెలగదు బావా. వెలిగి ఆరుతూ, వెలిగి ఆరుతూ ఉంటుంది. మీరు వెలుతురు తగ్గించినకొద్దీ ఆరిపోయి ఉండే టైం పెరుగుతుంది. మనకి కనపడదు, కానీ కంటికి తెలుస్తుంది. అందరికీ ఇబ్బంది ఉండదులెండి. కొంతమందికే పడదు."

"ఆ కొంతమందిల నేనెందుకుండాలె?" అన్న. నిజంగనే ఏడుపొచ్చినంత పనైంది. తెల్ల బియ్యంల ఒక్క ఎర్ర గింజను పట్టే కండ్లు నాయి. ముందట దీపం ఆరి వెలుగుతుంటె ఇన్నాళ్ళు పట్టుకోలేదు.

"మీ పాత ఫోన్ లైటు వేరే రకం. అది ఆరదు. ఇప్పుడు అవి తగ్గిపోయాయి బావా. చవక ఫోన్లలో దొరుకుతాయి గానీ, వాటిలో ఫోటో మసగ్గా ఉంటుంది. మీ పనికి పనికిరాదు." కొంచెం సేపు ఆలోచించిండు. "ఒక పని చేద్దాం. వెలుతురు ఎక్కువే పెట్టేస్తాను, అప్పుడు ఆరడం తగ్గుతుంది. కళ్ళకి గుచ్చుకోకుండా పైన పసుపు వేస్తాను. దీన్ని కళ్ళ సుఖం కోసమే పెట్టారు."

ఏదో మీట నొక్కిండు. స్క్రీన్ మీద పల్చగ పసుపు నీళ్ళు చల్లినట్టయింది. తిరిగి బస్సుల కూసొని కోదాడ నుంచి మిర్యాలగూడ దాంక చూసుకుంట వచ్చిన. గుంజలేదు. ఇంటికొచ్చి అన్నం రెండు సార్లు పెట్టించుకున్న. మా తమ్ముడు దేవుడు అని మా ఇంటామె ఆ పూట నాలుగు సార్లు అన్నది. రెండు రోజులకు పసుపున్నదన్న సంగతే మర్చిపోయిన.

సరిగ్గ అప్పుడే కోతలు జోరందుకున్నయ్. ఇంకో దిక్కు నాలుగు రోజులు ముసురు పట్టింది. కోసిన వడ్లు రోడ్ల మీద, కల్లాలల్ల తడిసినయని అన్ని ఊర్ల నుంచి ఫోన్లే. తడిసినంక రంగు మారుతదని ఎవలకు తెల్వదు? నేను గూడ అదే మనసుల పెట్టుకొని ఫోటోలు చూసిన. చాన అరచేతులల్ల బియ్యం పచ్చపడి కనపడ్డయ్. "తేకు", "తేకు", "తేకు". వాన ఎంత పని చేసిందిరా అనుకున్న.

ఆత్మకూర్ (ఎస్) అవుతల ఒక తండాల ఒక ఆమె ఉంటది. నా కన్న నాలుగైదేండ్లు చిన్న. మొగడు పట్నంల వాచ్ మెన్ పని చేస్తడు, పొలం, ఎవుసమంత ఆమెదే. మొదటిసారి ఏడెనిమిదేండ్ల కింద బస్తాల మీద కూసొని మా మిల్లుకు వచ్చి, నేను వంక పెడితే, "ఏది, నాకు సూపియ్యి" అని నా మీదికి లేచింది. నలిపి, ఊది, ఏది రంగు మారిన గింజ, ఏది పాలు పోసుకోనిది, ఒక్కొక్కటి ఏరి ఆమె అరచేతుల పెట్టి చూపించిన. అప్పటి సంది నన్ను అన్నా అంటది. ప్రతి ఏడు మా మిల్లుకే తెస్తది. తండాల మిగతా ఆడోళ్ళకు గూడ బియ్యం చూసుడు ఆమెనే నేర్పిందట.

ఆమె ఫోటో వచ్చింది. నేను యార్డుల నిలబడి ఉన్న. ట్రాలీ మీద నుంచి దిగి, చేతుల బియ్యం దులిపేసుకొని, ఫోన్ తీసి చూసిన. పచ్చగున్నయ్. "తేకు చెల్లె, రంగు మారినయ్" అని పెట్టిన.

ఎంటనే ఫోన్ చేసింది. "అన్నా, జర మంచిగ సూడు. మాయి తడవలే. వాన రాకముందే కుప్ప మీద పట్టా కప్పిన. నా చేతుల తెల్లగనే కనపడుతున్నయ్."

"పట్టా కప్పినా ఉబ్బరానికి లోపల రంగు తిరుగుతది చెల్లె."

"ఇంకోసారి నలిపి సూసిన అన్నా. తెల్లగనే…"

ముందట పదిహేను ట్రాక్టర్లు. హమాలీలు లొల్లి చేస్తుండ్రు. నాకు తిక్క లేచింది. "ఇరవై ఏండ్ల సంది చూస్తున్న. ఇప్పుడు నువ్వు నాకు నేర్పుతవా? నీకు సరిగ్గ కనపడుతలేదు" అన్న.

 "సరే అన్నా. నువ్వు చెప్పినంక ఇగ ఏముంది" అని పెట్టేసింది.

వారం దాటినంక ఒక దళారి లారీల సన్నాలు తెచ్చిండు. ఊర్ల మీద తిరిగి కల్లాల కాడనే కొనుక్కొచ్చి మిల్లులకు అమ్మేటోడు. నేను లారీ ఎక్కి పిడికెడు తీసి నలిపిన. ఊదిన. అబ్బా, ఏం బియ్యం! మల్లెమొగ్గలే. ఒక్క గింజకు వంక లేదు.

"యాడ దొరికినయ్ ఈ ముసుర్ల ఇంత మంచి వడ్లు?" అన్న.

ఆయన పడి పడి నవ్విండు. "మీ పున్నెమే అన్నా. ఆత్మకూర్ కాడ తండాల ఒక ఆమె దగ్గర కొన్న. రంగు మారినయని మీ మిల్లుల పెద్దాయన చెప్పిండని ఆమెనే అన్నది. రంగు మారిన ధరకే ఇస్తా అన్నది. నేనెందుకు కాదంటా?"

నా చేతుల బియ్యం అట్లనే ఉన్నయ్. లారీ మీదనే నిలబడి ఫోన్ తీసిన. ఆమె ఫోటో ఎతికి పట్టి, అరచెయ్యి పక్కన పెట్టిన. ఫోన్ల పచ్చగ, చేతుల తెల్లగ. నా అరచేతిని గూడ ఒక ఫోటో తీసిన. చూస్తే, అవే తెల్ల బియ్యం, ఫోన్లకు పోంగనే పచ్చపడ్డయ్.  బామ్మర్ది నొక్కిన మీట ఎతుక్కొని ఎతుక్కొని తీసేసిన. పసుపంత దిగిపోయింది. ఆమె అరచేతుల బియ్యం పాల లెక్క తెల్లగ ఉన్నయ్.

కండ్ల సుఖం కొరకు కండ్లనే పోగొట్టుకున్న నేను. బామ్మర్దిని ఏమనాలె? ఆయన నా తలనొప్పికి మందిచ్చిండు. రంగు చూసి బతికేటోడు రంగు అద్దంల నుంచి చూడొద్దన్న తెలివి నాకుండాలె. బుర్ర తక్కువ మనిషిని.

పసుపున్న రోజులల్ల తేకు అన్నోళ్ళందరికి ఫోన్లు చేసిన. తొమ్మిది మంది. చిత్రమేందంటె, ఎనిమిది మందికి ఏం కాలేదు. ఒకాయన, "నువ్వు తేకు అన్నవ్ గానీ, నాకు నమ్మకం కలగక పక్క మిల్లుకు పోయిన, మంచి ధరనే ఇచ్చిండ్రు" అన్నడు. ఇంకొకాయన సర్కారు సెంటర్ల పోసిండు. ఒకామె, "ఏదో కోపంల అన్నవేమో అనుకున్న" అన్నది. నా మాట లెక్కచెయ్యనోళ్ళంత మంచిగున్నరు. పూర్తిగ నమ్మిన మనిషి ఒక్కతే మునిగింది.

ఓనర్ కు చెప్పిన. ఆయన కొద్దిసేపు ఇని, "ఎట్లనన్న గా వడ్లు మన మిల్లుకే వచ్చినయ్ గదా, ఇగ పరేషాన్ ఎందుకు?" అని లోపలికి పోయిండు. మా ఇంటామెకు చెప్పిన. ఆమె ఈసారి పరాచికం ఆడలేదు. "ఫోన్ చేసి చెప్పు" అన్నది. "ఫోన్ల చెప్పేది కాదే" అన్న. తెల్లారి సెలవు పెట్టి బయలుదేరిన. పోయేటప్పుడు బీరువాల గుడ్డల చుట్టిన పాత ఫోన్ తీసి సంచిల ఏసుకున్న.

పేటల బస్సు దిగి, బస్టాండ్ కాడ ఫోన్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గర కూసున్న. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఈ డబ్బాకు స్క్రీన్లు వస్తలేవు" అన్నడు. "ఎట్లనన్న చూడు భాయ్. కండ్లు పోతున్నయ్" అన్న. నా గొంతుల ఏం వినపడ్డదో ఏమో, అడుగు డ్రాయర్ బోర్లించి, అసొంటిదే ఇంకో చచ్చిన ఫోన్ ఎతికి, దాని స్క్రీన్ ఊడదీసి దీనికి బిగించిండు. ఒక మూలకు గీత ఉంది. రంగులు అంత జిగేలుమనవు. ఎలుగు బాగ తగ్గించి, కొత్త ఫోన్ కెమెరా దాని ముందట పెట్టి చూసిన. ఒక్క చార ఉరకలేదు. నిలకడగ ఉంది. నేను సిమ్ము మార్చుకొని ఆత్మకూర్ ఆటో ఎక్కి, పోయినంత సేపు దాన్నే చూసుకుంట కూసున్న. కండ్లు ఊకున్నయ్. ఇన్ని రోజుల సంది మూడు ఊర్లు తిరిగి ఎతికింది ఇదే గదా, సంతోషం కావాలె గదా. కాలేదు.

తండాల ఆమె ఇంటి ముందట కూసొని ఉంది. ఒడిల చాట, చాటల బియ్యం, రాళ్ళు ఏరుతుంది. నన్ను చూసి లేవబోయింది. "అన్నా! ఇటు దిక్కెట్ల? కూసో, కూసో" అని లోపలి దిక్కు తిరిగి కోడలికి వాళ్ళ భాషల ఏదో చెప్పింది. చాయ్ అనుకుంట. ఆమె మొకానికి కండ్లద్దాలున్నయ్. కొత్తయి. ముక్కు మీద ఇంకా కుదురుకోలేదు, మాటిమాటికి పైకి జరుపుతుంది.

"అద్దాలెప్పటియి చెల్లె?" అన్న.

"అప్పటియే అన్నా, నువ్వు రంగు మారినయని చెప్పినప్పటియి." ఆమె సిగ్గుపడ్డట్టు నవ్వింది. "నాకేమో తెల్లగ కనపడుతున్నయ్, నీకేమో పచ్చగ కనపడ్డయ్. నీ కండ్లు తప్పయితయా? నా కండ్లే పాడైనయనుకున్న. వడ్లు అమ్మిన తెల్లారే పేటకు పోయి సూపించుకున్న. ఈ వయసుల అందరికి వస్తదట, ఇవి ఇచ్చిండ్రు."

నేను సంచి పక్కకు పెట్టి కూసున్న.

ఆమె చాట నా దిక్కు జరిపింది. "ఇవి గా వడ్లయే. ఇంట్ల తిననీకి రెండు బస్తాలు ఉంచుకున్న. అద్దాలు పెట్టుకొని సూసిన అన్నా, ఇగనన్న పచ్చగ కనపడుతయేమో అని. అయినా తెల్లగనే ఉన్నయ్. అద్దాలు గూడ మంచియి ఇయ్యలేదేమో."

చాటల నుంచి పిడికెడు తీసుకున్న. చూడాల్సిన పని లేకుండె. అట్లనే చేతుల పట్టుకొని మొత్తం చెప్పిన. కొత్త ఫోన్ సంగతి, తలనొప్పి, కోదాడ, పసుపు, మీట, దళారి లారీ. ఎక్కడా ఆపలేదు, ఎక్కడా నన్ను నేను ఎనకేసుకరాలేదు. "తప్పు నాదే చెల్లె. నీకు కనపడుతలేదు అన్న గదా, నాకే కనపడలేదు" అన్న. నీకు ధరల పోయిన పైసలు నేను కట్టిస్తా అని మొదలుపెట్టబోతె, ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

చాయ్ వచ్చింది. ఇద్దరం తాగలేదు. ఆమె అద్దాలు తీసి, కొంగుతోని తుడిచి, చాటల బియ్యం మీద పెట్టింది.

"అంటే ఆనాడు నేను సూసిందే నిజమా అన్నా?"

"నిజమే చెల్లె."

 కోపానికి వస్తదనుకున్న, ఏడుస్తదనుకున్న. ఏదీ చెయ్యలేదు. చాట చేతులకు తీసుకొని మళ్ళ ఏరుడు మొదలుపెట్టింది, అద్దాలు లేకుంటనే.

"వచ్చే పంటకు ఫోటో పంపనన్నా. ట్రాక్టర్ల ఏసుకొనే వస్త. తెల్లగున్నయా పచ్చగున్నయా, ఈసారి నేను చెప్త, నువ్వు ఇను" అన్నది.

"నువ్వు చెప్పు చెల్లె, నేను ఇంట" అన్న.